పేరు లేజర్‌ది, పని కొక్కేనిది: వెరికోస్ వెయిన్స్ చికిత్సల రివ్యూ

వెరికోస్ వెయిన్స్ క్లినిక్కుల బోర్డుల మీద మాటలు దాదాపు ఒకటే. కోత లేదు, కుట్లు లేవు, పొద్దున వచ్చి సాయంత్రానికి నడిచి ఇంటికెళ్లొచ్చు. ఈ మూడూ నిజమే. అయినా లేజర్ చేయించుకున్న మూడు నెలలకు పిక్క మీద ముడులు తడుముకుంటూ "డబ్బు దండగైంది" అనుకునేవాళ్లకు కొదవ లేదు. చాలాసార్లు అక్కడ లేజర్ తన పని తాను చేసే ఉంటుంది. జరగాల్సిన రెండో పని జరిగి ఉండదు. అసలది ప్యాకేజీలోనే ఉండి ఉండదు.

ఆ రెండో పని ఏమిటో తెలియాలంటే కాలి లోపల ఏం చెడిందో చూడాలి. చీలమండ లోపలి పక్క నుంచి గజ్జ దాకా చర్మం కిందుగా ఒక పొడవాటి సిర పోతుంది, దాని పేరు గ్రేట్ సఫీనస్. పిక్క వెనక ఇంకోటి, స్మాల్ సఫీనస్. అది మోకాలి వెనక మడత దగ్గర లోతు సిరలో కలుస్తుంది. రక్తం వెనక్కి జారకుండా వీటిలో అక్కడక్కడా కవాటాలుంటాయి. కవాటం వదులైతే నిలబడ్డ ప్రతిసారీ రక్తం కిందికి జారుతుంది, పక్క కొమ్మల్లో నిండుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి కొమ్మలు మెలికలు తిరిగి పాముల్లా ఉబ్బుతాయి. కంటికి కనిపించేది కొమ్మ, చెడింది మాను. లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ, గ్లూ మూడూ మానును లోపలి నుంచి మూసేసే వైద్యం. మాను తిన్నగా ఉంటుంది కాబట్టి వైరు దూరుతుంది. మెలికలు పడ్డ కొమ్మలో నాలుగు వేళ్ల దూరం కూడా పోదు. దాన్ని బయటికి లాగేది సన్నటి కొక్కెం. ఆ పద్ధతి పేరు మైక్రో ఫ్లెబెక్టమీ. కొన్నిచోట్ల ఆంబులేటరీ ఫ్లెబెక్టమీ అనో, స్టాబ్ అవల్షన్ అనో రాస్తారు. అన్నీ ఒకటే.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. రక్తం మోసే సిరనీ నరమే అంటాం, స్పర్శ మోసేదాన్నీ నరమే అంటాం. "నరం తీసేస్తే కాలు పడిపోదా" అనే భయం సగం అక్కణ్నుంచే వచ్చింది. తీసేది రక్తనాళం. కాలి రక్తంలో ఎక్కువ భాగం లోతు సిరల గుండానే గుండెకు చేరుతుంది కాబట్టి పైనున్న చెడ్డ సిర పోయినా కాలికి లోటు లేదు. మిగతా సగం భయానికి మాత్రం ఆధారం ఉంది. అసలైన నరాలు కొన్ని ఈ సిరలను ఆనుకునే పోతాయి. ఆ సంగతి ముందుకెళ్లాక.

కొక్కెం కొత్తదేమీ కాదు. రోమ్‌లో ఒకటో శతాబ్దంలోనే సెల్సస్ అనే వైద్య రచయిత ఉబ్బిన సిరలకు రెండు దారులు రాశాడు: కాల్చడం, కోసి కొక్కెంతో పైకెత్తి తీయడం. రెండు వేల ఏళ్లు గడిచాక కూడా చేస్తున్నవి అవే రెండు, గాటు మాత్రం తగ్గింది. ఇప్పటి పద్ధతికి ఆద్యుడు స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో చర్మవైద్యుడిగా ఉన్న రాబర్ట్ ముల్లర్. 1956లో మొదలుపెట్టాడు. లోకల్ మత్తు, రెండు మూడు మిల్లీమీటర్ల గాటు, కుట్టు లేదు, కట్టు కట్టగానే నడక. ఆయన పేరుతోనే ముల్లర్ కొక్కెం ఉంది. ఓష్, రామ్లే, వరాడీ అని మరికొన్ని రకాలు వచ్చాయి. కొనలో తేడాలే తప్ప సూత్రం ఒకటే, లేసు అల్లే క్రోషే సూదిదే ఆ ఆకారం.

ఏ సెంటర్‌ను తూచాలన్నా మెషీన్ కంటే ముందు స్కాన్ చూడాలి. ఆ స్కాన్ డాప్లర్, అంటే రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్. మంచం మీద పడుకోబెట్టి తీసిన డాప్లర్ ఈ జబ్బుకు పనికిరాదు. రోగి నిలబడాలి, చూస్తున్న కాలు మీద బరువు వేయకూడదు. పిక్కను చేత్తో నొక్కి వదిలి, రక్తం ఎంతసేపు వెనక్కి జారుతోందో కొలవాలి. పైసిరల్లో 0.5 సెకన్ దాటితే రిఫ్లక్స్ కింద లెక్క. తొడ, మోకాలి వెనక ఉండే లోతు సిరల్లో 1 సెకన్ దాటితేనే. మంచి రిపోర్టులో కాలి బొమ్మ ఉంటుంది. రిఫ్లక్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, గజ్జలో, తొడ మధ్యలో, మోకాలి దగ్గర సిర ఎన్ని మిల్లీమీటర్లో, స్మాల్ సఫీనస్ ఎంత ఎత్తులో కలుస్తోందో, లోతు సిరల్లో పాత గడ్డల ఆనవాళ్లున్నాయో లేదో రాసి ఉంటుంది. పైసిర లోతు సిరలో కలిసే చోటును జంక్షన్ అంటారు. "రెండు కాళ్లలో జంక్షన్ చెడింది" అని ఒక్క వాక్యంతో ముగిసిన రిపోర్టు పట్టుకుని ఆపరేషన్ టేబుల్ ఎక్కకూడదు. తొడ ముందువైపు దిగే యాంటీరియర్ యాక్సెసరీ సిరను, మోకాలి వెనక జంక్షన్‌ను వదిలేసిన స్కాన్లే రెండేళ్ల తర్వాత "మళ్లీ వచ్చింది" అనే మాటగా బయటపడతాయి. స్కాన్ చేసేదీ ఆపరేషన్ చేసేదీ ఒకే చెయ్యి అయితే ఇంకా మేలు. వేరైతే కనీసం ఆపరేషన్ రోజు సర్జన్ తన ప్రోబుతో మళ్లీ చూసుకోవాలి.

అసలు చేయించుకోవాలా అనేది మొదట తేలాలి. వైద్యులు దీన్ని సి0 నుంచి సి6 దాకా మెట్లుగా చూస్తారు. 3 మి.మీ. లోపు ఎర్ర, నీలి గీతలు సి1. అవి అందానికి సంబంధించినవే తప్ప ఆపరేషన్‌కు సంబంధించినవి కావు. 3 మి.మీ., ఆపైన ఉబ్బినవి సి2. వాపు సి3. చీలమండ పైన చర్మం నల్లబడి, దురద పెట్టి, గట్టిపడితే సి4. మానిన పుండు సి5, మానని పుండు సి6. సి2లో నొప్పి, బరువు, రాత్రిళ్లు పిక్క పట్టేయడం లాంటివి లేకపోతే తొందరపడాల్సిన పని లేదు. సి4 నుంచి ఆలస్యం చేయడం తప్పు. పుండు పడ్డాక "ముందు పుండు మాననీ, తర్వాత చూద్దాం" అనేది పాత పద్ధతి. బ్రిటన్‌లో 450 మందితో జరిపి 2018లో ప్రచురించిన ఎవ్రా పరీక్షలో, కట్లతో పాటు సిరనూ వెంటనే మూసేసినవాళ్లకు పుండు మానే మధ్యస్థ కాలం 56 రోజులు, ఆగినవాళ్లకు 82. ఇటుకబట్టీలోనో వంటశాలలోనో నిలబడి బతికే మనిషికి ఆ 26 రోజులు చిన్నవేమీ కావు.

మోకాలి కీలు అరిగినందువల్ల వచ్చే నొప్పి, నడుం నుంచి దిగే సయాటికా, పాదాల మంట మాత్రం ఈ ఆపరేషన్‌తో పోవు. సిరల నొప్పి నిలబడే కొద్దీ పెరుగుతుంది, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే తగ్గుతుంది. మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది మోకాలు. "ఆపరేషన్ ఫెయిలైంది" అనే రివ్యూల్లో చాలావాటి వెనక ఈ తికమకే ఉంటుంది.

మానును మూసే పద్ధతుల్లో లేజర్‌కే పేరెక్కువ. అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. అప్పటివి 810, తర్వాత 980 నానోమీటర్ల యంత్రాలు. వాటి వెలుగును ఎక్కువగా రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. ఇప్పటి 1470 వెలుగును నీరు పీల్చుకుంటుంది, అంటే సిర గోడే పీల్చుకుంటుంది, కాబట్టి తక్కువ శక్తితో పని జరుగుతుంది. అంతకన్నా పెద్ద తేడా ఫైబర్ కొనది. కొన మొండిగా ఉన్న పాత ఫైబర్ సిర గోడకు తగిలి అక్కడక్కడా చిల్లి పెడుతుంది, తొడంతా కమిలిపోతుంది. రేడియల్ ఫైబర్ వెలుగును చుట్టూ ఉంగరంలా చిమ్ముతుంది. కాబట్టి "లేజరేనా" అని కాక "1470, రేడియల్ ఫైబరేనా" అని అడగడం దండిగా పనికొచ్చే ప్రశ్న.

రేడియో ఫ్రీక్వెన్సీ మీద మా అభిప్రాయం ఇంకాస్త మెరుగు, కారణం చాలా సాదా. ఇందులో చేసేవాడి చేతి తేడాకు చోటు తక్కువ. సిరలోకి దూర్చే సన్నటి గొట్టం, అంటే కేథటర్, కొనలో 7 సెంటీమీటర్ల వేడెక్కే కాయిల్ ఉంటుంది. 120 డిగ్రీల వేడి, 20 సెకన్లు, ఆరున్నర సెంటీమీటర్లు వెనక్కి జరపడం, మళ్లీ 20 సెకన్లు. గజ్జ దగ్గరి మొదటి ముక్కకు మాత్రం రెండుసార్లు. ఉష్ణోగ్రత సరిగా అందకపోతే యంత్రమే చెబుతుంది. తొడ సిర మొత్తానికి వేడి పెట్టే సమయం మూడు నిమిషాల చుట్టూ. లేజర్‌లో అయితే ఫైబర్‌ను చేత్తో లాగే వేగమే మోతాదు. వేగంగా లాగితే సిర మూసుకోదు, నెమ్మదిగా లాగితే పక్కన కాలుతుంది. అలవాటైన చేతిలో రెండింటి ఫలితమూ ఒకటే. చెయ్యి తెలియనప్పుడు రేడియో ఫ్రీక్వెన్సీ వైపు మొగ్గడం మంచిది. కేథటర్ ధర బిల్లులో పెద్ద ముక్క. అది ఒక్కసారి వాడి పారేయాల్సిందని దాని ప్యాకెట్ మీదే ఉంటుంది. మీ ముందే సీలు విప్పమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఏ వేడి పద్ధతికైనా ప్రాణం ట్యూమసెంట్ నీళ్లలో ఉంది. 500 మి.లీ. సెలైన్‌లో 1 శాతం లిగ్నోకెయిన్ అనే మత్తుమందు 50 మి.లీ., రక్తనాళాలను ముడిచే అడ్రినలిన్ అర మి.లీ., మంట తగ్గించడానికి కొంచెం సోడియం బైకార్బొనేట్, ఇదీ వాడుకలో ఉన్న పాళ్లు. చల్లబరిచి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సిర చుట్టూ సెంటీమీటరుకు సుమారు 10 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. తెర మీద నల్లటి నీటి వలయం మధ్య సిర నలిగి చుక్కలా కనిపించాలి. ఆ నీరు మూడు పనులు చేస్తుంది: మత్తిస్తుంది, సిరను వేడికి అతికేలా నొక్కుతుంది, చర్మాన్నీ నరాన్నీ వేడికి దూరంగా నెడుతుంది. చర్మానికీ సిరకూ మధ్య కనీసం 1 సెం.మీ. దూరం రావాలి. నీళ్లు పొదుపు చేసిన చోటే చర్మం కాలిన మచ్చలు, నెలల తరబడి తిమ్మిర్లు కనిపిస్తాయి.

మన దగ్గర చాలా ఆసుపత్రులు దీనికీ వెన్నుకు మత్తు ఇచ్చేస్తాయి. రోగికి భయం ఉండదు, సర్జన్‌కు తొందర ఉండదు, అది నిజమే. కానీ ఈ చికిత్స గొప్పతనమంతా లేచి నడవడంలో ఉంది. వెన్ను మత్తులో కాళ్లు గంటల తరబడి కదలవు, గడ్డకట్టే ముప్పు ఆ గంటల్లోనే. వేడి నరానికి తగులుతుంటే "అబ్బా" అని చెప్పే మనిషి కూడా ఉండడు. ఒక కాలికి, మామూలు కేసుకు లోకల్ మత్తు చాలు. రెండు కాళ్లూ నిండా ముడులుంటే లిగ్నోకెయిన్ మోతాదు హద్దు దాటుతుంది కాబట్టి రెండు రోజులుగా విడదీయడమో, వెన్ను మత్తో సబబు.

గ్లూ సంగతి క్లుప్తంగా. సయనోయాక్రిలేట్ అనే జిగురును కేథటర్‌తో 0.1 మి.లీ. చుక్కలుగా వదులుతూ పైనుంచి నొక్కుతారు. వేడి లేదు కాబట్టి ట్యూమసెంట్ సూదులు లేవు, మోకాలి కింద నరానికి భయం లేదు. బదులుగా ఆ జిగురు ఒంట్లో ఉండిపోతుంది. కొందరికి రెండో వారంలో సిర పొడవునా ఎర్రగా దద్దురు లేచి దురద పెడుతుంది. కృత్రిమ కనురెప్పల వెంట్రుకలు, గోళ్లు అతికించే జిగురు పడనివాళ్లు ముందే చెప్పాలి. నొప్పి భరించలేనివాళ్లకు బాగుంది. అందరికీ ఇదే "లేటెస్ట్" అని అమ్మే చోట కాస్త ఆలోచించాలి.

ఫోమ్‌కు యంత్రమే అక్కర్లేదు. రెండు సిరంజీలు, మధ్యలో మూడు దారుల స్టాప్‌కాక్. సిరను మూసే పోలిడోకనాల్ అనే మందు ఒక వంతుకు నాలుగు వంతుల గాలి కలిపి అటూ ఇటూ ఇరవైసార్లు తోస్తే గడ్డం గీసుకునే నురగలా అవుతుంది. దాన్ని సూదితో సిరలోకి ఎక్కిస్తారు. 2000లో టెసారీ అనే వైద్యుడు చెప్పిన పద్ధతి ఇది. ఒక విడతలో 10 మి.లీ. నురగ దాటకూడదని యూరప్ నిపుణుల మాట. మందు చవక. వయసు మళ్లినవాళ్లకు, మళ్లీ వచ్చిన మెలికలకు, పుండు కింద ఉండే సిరలకు భేష్. పెద్ద మానుకు ఒక్కదాన్నే వాడితే మళ్లీ తెరుచుకునే అవకాశం వేడి పద్ధతుల కంటే ఎక్కువ. చామనఛాయ చర్మం మీద గోధుమరంగు చార నెలల పాటు నిలుస్తుంది. అందం కోసం వచ్చినవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి.

ఇక కొక్కెం. ఆపరేషన్‌కు ముందు రోగిని పది నిమిషాలు నిలబెట్టి, ముడులు నిండాక పర్మనెంట్ మార్కర్‌తో గీస్తారు. టేబుల్ మీద పడుకోగానే ముడులన్నీ అణిగి మాయమవుతాయి, అప్పుడు ఆ గీతే ఆధారం. అందుకే గీత సిర మీద కాక దానికి రెండు పక్కలా, రైలు పట్టాల్లా గీసేవాళ్లు ఉత్తములు. సిర మీదే గీసి, ఆ సిరా మీదే గాటు పెడితే రంగు చర్మంలోకి పోయి పచ్చబొట్టులా మిగిలిపోతుంది. చూడ్డానికి చిన్న పొరపాటు, పోవడం కష్టం. పడుకున్నాక సిర గీత నుంచి అర సెంటీమీటరు పక్కకు జరుగుతుంది కూడా. తెలిసినవాళ్లు ప్రోబుతో ఒకసారి సరిచూసుకుంటారు.

మత్తు నీళ్లు ఎక్కాక 11 నంబరు బ్లేడు మొనతోనో 18 గేజ్ సూదితోనో 1 నుంచి 3 మి.మీ. గాటు. తొడ మీద, పిక్క మీద నిలువుగా. మోకాలి దగ్గర చర్మం మడత వెంట. కొక్కెం మొన లోపల తిప్పి పైకెత్తగానే గాటు నోట్లో తెల్లగా మెరుస్తూ ఒక ఉచ్చు కనిపిస్తుంది. ఉడికిన సేమ్యా పోగులా ఉంటుంది, కాస్త లావు. రక్తం నిండిన నల్లటి సిర వస్తుందని ఊహించుకున్నవాళ్లకు అది ఆశ్చర్యమే. అడ్రినలిన్‌కు ముడుచుకుని, నీళ్ల ఒత్తిడికి ఖాళీ అయిన గోడ అది. దాన్ని రెండు చిన్న మస్కిటో క్లాంపులతో పట్టి మధ్యలో కోస్తారు. ఒక్కో కొసను క్లాంపు చుట్టూ తిప్పుతూ, రెండో చేత్తో చుట్టూ చర్మాన్ని నొక్కి పెట్టి, మెల్లగా లాగుతారు. అయిదు, పది సెంటీమీటర్ల ముక్కలుగా వస్తుంది. తెగితే తెగనీ, మూడు నాలుగు సెంటీమీటర్ల అవతల ఇంకో గాటు. తెగిన కొసలకు ముడి వేయరు. అయిదు నిమిషాలు గాజ్ గుడ్డతో అదిమి పట్టుకుంటే రక్తం ఆగుతుంది. కుట్టు లేదు, పైన పేపర్ స్ట్రిప్. ఒక కాలికి పది గాట్లు మామూలే, ముప్పై కూడా పడొచ్చు.

నిపుణుడి చెయ్యి గాట్ల లెక్కలో తెలియదు, ఎక్కడ కొక్కెం పెట్టలేదో అక్కడ తెలుస్తుంది. మోకాలి బయటి పక్క, ఫిబులా ఎముక తల దగ్గర, పాదాన్ని పైకెత్తే నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. అక్కడ గుడ్డిగా లాగితే పాదం వేలాడిపోతుంది. పిక్క వెనక సూరల్ నరం, మోకాలి కింద లోపలి పక్క సఫీనస్ నరం సిరలతో జంటగా నడుస్తాయి. వాటికి దెబ్బ తగిలితే పాదం అంచునో చీలమండ దగ్గరో తిమ్మిరి. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. మోకాలి వెనక గుంట, పాదం పైభాగం కూడా జాగ్రత్తగా ముట్టాల్సిన చోట్లే. చీలమండ ముందు లింఫ్ నాళాలు చెదిరితే నీటి బుడగలాంటి వాపు వస్తుంది. ఆ నాలుగు ముడులను ఫోమ్‌కు వదిలేసే సర్జన్‌ను పిరికివాడనుకోకూడదు.

మాను మూసిన రోజే కొమ్మలు తీయాలా, ఆగి చూడాలా అన్నది పాత వాదం. మాను మూసుకుంటే చిన్న కొమ్మలు వాటంతట అవే కుంచించుకుపోతాయన్న మాట నిజమే. లండన్‌లో 101 మందితో చేసిన అవుల్స్ పరీక్షలో, ఆగి చూసిన గుంపులో 36 శాతం మందికి మళ్లీ చికిత్స అవసరమైంది. ఒకే రోజు రెండూ చేయించుకున్న గుంపులో 2 శాతానికే. అదే లెక్కను తిప్పి చదివితే, ఆగినవాళ్లలో 64 శాతానికి కొక్కెం అవసరమే రాలేదు. కాబట్టి వేలి లావు ముడులుంటే ఒకే రోజు కానివ్వడం మంచిది. సన్నవైతే మూడు నెలలు ఆగొచ్చు, ఆ తర్వాతి విడత ఖర్చు ఎవరిదో ముందే రాయించుకుంటే చాలు. ట్రైవెక్స్ అని లోపల దీపం వెలిగించి, తిరిగే బ్లేడుతో సిరలను పీల్చేసే యంత్రం కూడా వచ్చింది. గాట్లు తక్కువ, కమిలిపోవడం ఎక్కువ. వెతుక్కుని వెళ్లేంత లాభం కనిపించదు.

వేడి పద్ధతిలో అసలు భయపడాల్సింది గజ్జ దగ్గర. కేథటర్ కొన జంక్షన్‌కు 2 సెం.మీ. ఇవతల ఆగాలి. దగ్గరైతే గడ్డ లోతు సిరలోకి తొంగిచూస్తుంది. అందుకే వారంలోపు ఒక డాప్లర్ తప్పనిసరి. ఆ స్కాన్ ప్యాకేజీలో లేని చోటుకు మార్కులు తగ్గించాల్సిందే. పూర్తిస్థాయిలో లోతు సిరల్లో గడ్డకట్టడం అరుదు, 1 శాతం లోపే. అయినా పిక్క ఒక్కసారిగా గట్టిపడి వాచినా, ఊపిరాడకపోయినా, ఛాతీలో పట్టేసినా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి.

ఇంటికొచ్చాక కంగారు పెట్టేవి వేరే ఉంటాయి. మొదటి రాత్రి కట్టు తడిసి దుప్పటి మీద గులాబీ మరక పడుతుంది. అందులో ఎక్కువ భాగం మత్తు నీళ్లే. పాత టవల్ పరుచుకుంటే సరిపోతుంది. ఎర్రటి రక్తం కారుతూనే ఉంటే పడుకుని, కాలెత్తి, పది నిమిషాలు అదమాలి. వారానికి అటూ ఇటూగా తొడ లోపల తాడు బిగించి లాగినట్టు ఉంటుంది. మూసుకున్న సిర గట్టిపడటం వల్ల వచ్చే బాధ అది, రెండు మూడు వారాల్లో సడలుతుంది. కొమ్మల చోట గోళీలాంటి గట్టి గడ్డ తగిలితే లోపల చిక్కుకున్న పాత రక్తం. రెండో వారంలో సూదితో తీసేస్తే నొప్పీ తగ్గుతుంది, నల్లమచ్చా తగ్గుతుంది. "అదే కరిగిపోతుంది" అని పంపేసే చోట్లే మచ్చలెక్కువ. గాట్ల చుట్టూ ఎర్ర సాలెగూడులా సన్నటి గీతలు కొందరికి కొత్తగా పుడతాయి. ఏడాది వరకు వాటి జోలికి పోకపోవడం మేలు. గాయం మానాక ఉబ్బి పెరిగే కిలాయిడ్ మచ్చలు వచ్చే ఒళ్లయితే ముందే చెప్పాలి.

కాలిని బిగించి పట్టే మేజోళ్లు, అంటే స్టాకింగ్స్, దగ్గర మన ఎండలతో పేచీ. క్లాస్ 2 అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32 మి.మీ. పాదరసం ఒత్తిడి. ఆపరేషన్ తర్వాత వాడితే 7 రోజులకు మించి అక్కర్లేదని బ్రిటన్ మార్గదర్శకాలు 2013లోనే చెప్పాయి. ఇక్కడ మూడు నెలలు రాసిచ్చే చోట్లున్నాయి. మే నెలలో విజయవాడలో తొడ దాకా ఆ మేజోడు వేసుకుని తిరగమనడం చెప్పినంత తేలిక కాదు. కొక్కెంతో చాలా ముడులు తీసినప్పుడు రెండు వారాలు వేసుకుంటే కమిలిన నొప్పి తగ్గుతుంది, అంతవరకు న్యాయం. కొలత పొద్దున్నే, వాపు ఎక్కకముందు తీయాలి. మంచం దిగకముందే వేసుకోవాలి. మేజోడును మడమ దాకా లోపలికి తిరగేసి, పాదం పెట్టి, రబ్బరు గ్లవుజులు తొడుక్కున్న చేతులతో పైకి రాసుకుంటూ పోతే ఎక్కుతుంది. పై అంచు పట్టి లాగితే చినుగుతుంది. మోకాలి దగ్గర ముడతలు పడి బిగిస్తే ఆ చోట బొబ్బలొస్తాయి. షుగరున్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు పాదం నాడి చూడకుండా గట్టి స్టాకింగ్ ఇవ్వకూడదు. ధమనుల్లో రక్తం తగ్గిన కాలికి ఆ బిగుతు ముప్పు తెస్తుంది.

టేబుల్ దిగిన వెంటనే అరగంట నడక. కుర్చీ ఉద్యోగానికి రెండు మూడు రోజుల్లో పోవచ్చు. బట్టల షాపు సేల్స్‌మన్, ట్రాఫిక్ కానిస్టేబుల్, టీచరు లాంటివాళ్లకు వారం నుంచి రెండు వారాలు. అమెరికా నుంచి సెలవులకొచ్చి, చేయించుకుని పదో రోజే విమానమెక్కేద్దామనుకునేవాళ్లు కనీసం నాలుగు వారాలు చేతిలో పెట్టుకుని రావాలి.

గర్భిణులకు ఇది అప్పుడే వద్దు. కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలా ముడులు తగ్గుతాయి. లోతు సిర మూసుకుపోయి పైసిరలే దారిగా మిగిలిన కాలిని అసలు ముట్టకూడదు. "రేపు బైపాస్ అవసరమైతే ఈ సిర ఉండాలిగా" అని అడిగేవాళ్లకు జవాబు: ఉబ్బి కవాటాలు చెడిన సిర గుండెకు పనికిరాదు. కానీ రిఫ్లక్స్ లేని మంచి మానును "ఎలాగూ చేస్తున్నాం కదా" అని మూసేయడం తప్పు, ఆ సిర నిజంగానే రేపు అవసరపడొచ్చు.

బిల్లు విషయానికొస్తే, బీమా ఉన్నవాళ్లు ముందు వెయిటింగ్ పీరియడ్ చూసుకోవాలి. ఆరోగ్య సంజీవని పాలసీలో వెరికోస్ వెయిన్స్, వాటి పుండ్లు 24 నెలలు ఆగాల్సిన జాబితాలో ఉన్నాయి. చాలా ఇతర పాలసీలదీ అదే దారి. క్లెయిమ్‌కు నిలబడి తీసిన ఫొటోలు, రిఫ్లక్స్ సెకన్లున్న డాప్లర్ రిపోర్టు, డాక్టరు రాసిన సి గ్రేడు ఉంటే అందానికి చేయించుకున్నారన్న కొర్రీ పడదు. సి1 గీతలకు బీమా రాదు. ప్రభుత్వ పథకం కార్డుతో వెళ్లేవాళ్లు ఆరోగ్యమిత్ర దగ్గర ఏ పద్ధతికి ఆమోదం ఉందో అడిగి తెలుసుకోవాలి, ఆమోదం ఒక పద్ధతికి ఉండి ఆసుపత్రి మరో పద్ధతి చెబితే తేడా ఎవరు కడతారో అక్కడే తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్‌కు ప్రత్యేకంగా వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది. ప్రైవేటు అంచనా మరీ బరువుగా అనిపిస్తే అక్కడ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

అంచనా కాగితంలో ఒక కాలికా రెండింటికా, కేథటర్ కొత్తదా, మత్తు ఏది, స్టాకింగ్స్ ఎన్ని జతలు, వారం తర్వాతి డాప్లర్ ఇందులోనేనా అన్నవి ఉండాలి. వీటన్నిటితో పాటు "ఫ్లెబెక్టమీ" అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేకపోతే పిక్క మీది ముడుల మీద వేలు పెట్టి, "ఇవి ఎవరు తీస్తారు, ఏ రోజు, ఎంతకు" అని సంతకానికి ముందే అడగండి.